కొండమీద ఒంటరి డ్యూటీ

1997లో మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి మగవాళ్ల వార్డుకు నేను సిస్టర్ ఇన్‌చార్జిని. నా నోటికి డాక్టర్లు కూడా జంకేవాళ్లు.

పుంగనూరు అవతల ఒక కొండమీద టెలిఫోన్ రిపీటర్ స్టేషన్ ఉండేది. దూరం నుంచి వచ్చే సిగ్నల్‌ను అందుకుని కుప్పం వైపు పంపే యంత్రాల గది అది. డ్యూటీకి ఒక్కడే మనిషి. బదులు మనిషి వచ్చేదాకా కొండ దిగకూడదు. ఆ వచ్చేవాడు ఎప్పుడొస్తాడో దేవుడికే ఎరుక. అక్కడి ఆపరేటర్ దానియేలప్ప తిండీ నిద్రా మానేస్తే, భార్య సువార్తమ్మ మా వార్డుకు తెచ్చింది.

బీపీ, ఈసీజీ అన్నీ బాగానే ఉన్నాయి. “మరి నీకేమొచ్చిందప్పా?” అని కసిరాను.

“మా పల్లె చర్చిలో పాట ఎత్తేది నేనే సిస్టరమ్మా. నేనొక చరణం పాడితే జనం తిరిగి పాడతారు. కొండమీద గూడా అట్లే పాడి ఆపేవాణ్ణి. ఎవురుండారు పలికేదానికి? ఇప్పుడు మాత్రం పలకతాండారు.”

“ఎవరు?”

“దేవుడైతే కాదమ్మా. ఆ గొంతుకు భయపడి ప్రార్థనే మానుకుంటిని.”

వార్డులో నలుగురి మధ్య మెల్లగా తిన్నాడు, నిద్రపోయాడు. పాడమంటే మాత్రం తల అడ్డంగా ఊపేవాడు.

ఒంటరి డ్యూటీ వద్దని డాక్టరు రాశారు. దానియేలప్ప పైఅధికారి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం, అంటే పనికి పంపొచ్చన్న చీటీ కోసం వచ్చాడు.

“ఒళ్లు బాగుండాది గదమ్మా. ప్రార్థనలూ అవీ ఇంటికాడ సూసుకోవాల.”

“ఇల్లు కింద, మనిషి పైన. యాడ చూసుకునేది సార్? తోడుకు ఒక వాచ్‌మన్నన్నా ఇయ్యండి,” అన్నాను.

“పోస్టు లేదమ్మా.”

“ఈ ఉద్యోగమే వద్దు సార్, ఇంటికి పిల్సకపోతా,” అని సువార్తమ్మ ఏడ్చింది. దానియేలప్పే ఒప్పుకోలేదు. పిల్లోళ్ల సదువు ఆగిపోతుందన్నాడు. సర్టిఫికెట్ లేకుండానే డ్యూటీ ఎక్కించారు.

వానలు మొదలయ్యాక సువార్తమ్మ ఒక్కతే వచ్చింది. బదులు మనిషి పైకి వెళ్లేసరికి గది తలుపు తీసి ఉందట. దానియేలప్ప శవం కొండ కింద బండల్లో దొరికిందట.

“ఫోన్లు మాత్రం ఒక్క నిమిషం గూడా ఆగలేదంట సిస్టరమ్మా. ఆఫీసరు అదే మెచ్చుకోని పోయినాడు,” అంది.

ఆ తర్వాత ఏ రోగి వచ్చినా బీపీ చూడకముందే అడిగేదాన్ని: “పనికాడ నీతో మాట్లాడే మనిషి ఎవురప్పా?” ఎవరూ లేరంటే, రిపోర్టులు ఎంత బాగున్నా ఆ పనికి తిరిగి పంపనిచ్చేదాన్ని కాదు. రిటైరయ్యేదాకా డాక్టర్లతో నాకదే పోట్లాట.