బీబమ్మ కుండీ

నేను కాపురానికి సంగారెడ్డి వచ్చిన కొత్తలో, పక్కింటి బీబమ్మ కంటి ఆపరేషన్‌కని పట్నం పోతూ తన రబ్బరు మొక్కను మా నడిమింట్లో దించిపోయింది. గోషాలో ఉండే మనిషి. తోటయినా తోడయినా ఆమెకు ఆ ఒక్క కుండీయే. "అక్కా, నేనొచ్చే దాంక జెర పైలం" అని మా అత్తమ్మకు మరీ మరీ చెప్పి బస్సెక్కింది.

పోలీసు యాక్షన్ అయి అప్పటికి కొన్నేళ్లే. అత్తమ్మవీ బీబమ్మవీ గోడ మీంచి మాటలే. అత్తమ్మ ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు.

ఆ మొక్క రావిచెట్టు జాతిదని మా ఆయన ఏదో మాటల్లో అన్నారు. అంతే, అత్తమ్మకు ఇంట్లోనే దేవుడు దొరికాడు. రోజూ స్నానం చేయగానే చెంబెడు నీళ్లు పోసి, కాండానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చుట్టూ తిరిగేది. నాకు నవ్వాగేది కాదు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆకులు పండుబారి ఒక్కొక్కటే రాలసాగాయి. అత్తమ్మ భయపడి ఇంకో చెంబు పెంచింది. చూపు తెచ్చుకొని వచ్చే మనిషికి మోడు చూపించాలా అని నాకు దిగులు పట్టుకుంది.

ఒకరోజు ఊడుస్తూ వంగితే కుండీలోంచి కుళ్లు వాసన వచ్చింది. ఒరిగించి చూస్తే, అడుగున ఉండాల్సిన బెజ్జాన్ని ఎవరో సున్నం పెట్టి మూసేశారు.

"నేనే మూసిన" అంది అత్తమ్మ. "దేవునికి పోసిన నీళ్లు ఇల్లంత పారుతుంటే కాళ్లతోని తొక్కుతమా? పాపం కాదా?"

కోపం రావాల్సింది, జాలేసింది. ఇద్దరం కుండీని పెరట్లోకి ఈడ్చి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, బెజ్జం పొడిచి, పొడిమట్టిలో మళ్లీ నాటాం.

"ఇగ మట్టి ఎండినంకనే నీళ్లు, అత్తమ్మా" అన్నాను.

ఆమె పొద్దున్నే నిండు చెంబుతో కుండీ ముందు కాసేపు నిలబడేది. బొట్టు మాత్రం పెట్టి, నీళ్లు తీసుకెళ్లి తులసికి పోసేది. చూస్తే నాకే కష్టమనిపించేది.

బీబమ్మ నల్లద్దాలు పెట్టుకొని తిరిగొచ్చేనాటికి, కొసన ఎర్రటి పొర చీల్చుకొని ఒక లేతాకు విచ్చింది. ఆమె దాన్ని వేళ్లతో తడిమింది. కాండం మీద కుంకుమ చూసి ఆగింది. అత్తమ్మ గబగబా కొంగుతో తుడవబోయింది.

"ఉండనియ్యి అక్కా" అంది బీబమ్మ. "దీనికి నీ చెయ్యి అలవాటయింది. దినాం వచ్చి పెట్టిపో."

మర్నాడు పొద్దున అత్తమ్మ కుంకుమ భరిణె పట్టుకొని పక్కింటి గడప దాటి లోపలికి పోయింది. చెంబు మాత్రం నేను ముందే దాచేశాను.