వేల ఏళ్ల నాటి మైల

ఆ రోజుల్లో ఉద్యోగం దొరికితే చాలు, ఏం ఉద్యోగమని ఎవరూ గుచ్చి గుచ్చి అడిగేవారు కారు. అడగకపోవడమే నాకు మేలైంది. ఎందుకంటే నా ఉద్యోగం పగిలిన కుండలకు బొమ్మలు గీయడం. తవ్వకాల్లో బయటపడ్డ పెంకులను ముందు పెట్టుకుని, అంచు ఎంత వంగింది, అడుగు ఎంత మందముంది అని కొలిచి, పెన్సిల్‌తో కాగితం మీదికి దింపాలి. గౌలిపురలో తరతరాలుగా పాలు పోసే ఇల్లు మాది. "ఏం నౌకరీ చేస్తుండు మీవోడు?" అని పక్కింటివాళ్లు అడిగితే అమ్మ "ఆఫీసుల రాత పని" అని తప్పించుకునేది. నేను మాత్రం చరిత్ర మొత్తం నా పెన్సిల్ మీదే నిలబడి ఉందనుకుంటూ ఛాతీ విరుచుకుని తిరిగేవాణ్ణి. (ఛాతీ అప్పట్లో ఉండేది లెండి, తర్వాత అది కిందికి దిగి పొట్ట అయింది.)

అక్క నయాపూల్ దగ్గర కోర్టులో టైపిస్టు. కాన్పుకు వచ్చి మా ఇంట్లోనే ఉంది. సెలవు అయిపోవచ్చింది, సోమవారం మళ్లీ పనిలో చేరాలి. చిక్కల్లా పాపతోనే. మహారాణి (ఆ పేరు నేనే పెట్టాను, తీరు చూసి) తల్లి పాలు తప్ప ఇంకేదీ నోట పెట్టనని కూర్చుంది. సీసా పెడితే తల తిప్పేది. చెంచాతో పోస్తే ఉఫ్ఫున ఊదేది. అమ్మ దాచుకున్న వెండి ఉగ్గుగిన్నెను కాలితో తన్ని అవతల పడేసింది. దొడ్లో బర్రెలు, ఇంటినిండా పాలు, సగం బస్తీ మా పాలే తాగుతోంది, ఈ ఒక్క పిల్ల తప్ప. "పిల్ల ఉపాసముంటే నేను కోర్టుల టైపు కొట్టుకుంట కూసుంటనా? రాజీనామా ఇచ్చేస్త" అంది అక్క. అంటూనే ఏడ్చింది. ఇంట్లో అందరితో లొల్లి పెట్టుకుని మరీ సంపాదించుకున్న నౌకరీ అది. ఆ ఏడుపు చూసి నాకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే నా బల్ల మీదికి ఓ చిన్న మట్టి పాత్ర వచ్చింది. గుప్పిట్లో ఇమిడేంత ఉంది, పక్కన పాలు కారేందుకు సన్నని ముక్కు. మా సార్ (కుండలతో మాట్లాడినంత మృదువుగా మాతో ఎప్పుడూ మాట్లాడలేదు) దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చెప్పారు. "వ్యవసాయం కొత్తగా మొదలుపెట్టిన కాలంవాళ్లయ్యా. పశువులను కాసుకుంటూ, నాలుగు గింజలు పండించుకుంటూ బతికారు. పసిబిడ్డ పోతే ఊరవతల కాదు, ఇంట్లోనే, తాము తిరిగే నేల కింద, కుండలో పెట్టి పూడ్చుకున్నారు. ఆ కుండ పక్కనే దొరికిందిది. పాలు పట్టడానికే అయివుండాలి. ఇలాంటివాటి లోపల గీకి చూస్తే పాల కొవ్వు ఆనవాళ్లు తేలిన చోట్లు ఉన్నాయి." ఇక నేను ఆగుతానా? అన్ని వేల ఏళ్ల కిందటి పిల్లలు తాగితే మా మహారాణి ఎందుకు తాగదు? బొమ్మ పట్టుకుని కుమ్మరి దగ్గరికి పరుగెత్తి, అచ్చం అలాంటిదే చేయించి, గురువారం సాయంత్రం ఇంటి గుమ్మంలో నిలబడ్డాను.

"మంచిగున్నది. యాడిదిరా గీ నమూనా?" అంది అమ్మ ముచ్చటపడుతూ. అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నా పాండిత్యం ఊరుకోనిస్తేగా.

"పసిపిల్ల బొందల దొరికిందమ్మా. నా చేతులతోనే కడిగి బొమ్మ గీసిన."

అమ్మ ముఖం మారిపోయింది. "ఆగు. గడప తొక్కకు. బొందల సామాను ముట్టుకొని సక్కగ ఇంట్లకొస్తున్నవా, పసిపోరి ఉన్న ఇంట్లకు?"

"ఆ పిల్ల పోయి వేల ఏండ్లయిందమ్మా."

"అయితే ఏంది? తానం చేసినవా?"

చేయలేదు. కాబట్టి బర్రెలను కడిగే నీళ్లు బకెట్‌తో సహా నా నెత్తిమీదికొచ్చాయి. నేను తెచ్చిన మట్టి గిన్నె పిట్టగోడ ఎక్కింది. (మైలకు గడువు దాటిపోతుందని ఎవరు చెప్పారని అమ్మ వాదన.)

నేను తల తుడుచుకుంటుంటే అమ్మ మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. "ఎవలోళ్లురా వాళ్లు?"

"పసుల కాసుకునేటోళ్లమ్మా."

"పసుల కాసుకునేటోళ్లా? అయితే మనోళ్లే" అంది. మనవాళ్లని తేలాక మైల ఇంకా గట్టిపడింది. ఆ పాత్ర నా బల్ల మీద ఉన్నన్నాళ్లూ, ఆఫీసు నుంచి రాగానే వాకిట్లోనే స్నానమని తీర్పయింది. అమ్మ అక్కడితో ఆగలేదు. "ఇంట్లనే పెట్టుకున్నరా పిల్లను?"

"ఇంట్లనే. నడిచే నేల కింద."

అమ్మ కూర్చున్నచోటే అరచేత్తో నేలను నిమిరింది. "ఏడిస్తే ఇనపడాలె గద" అంది. అక్కకూ నాకూ నడుమ పుట్టి పోయిన పిల్ల ఒకతి ఉండేదని మా ఇద్దరికీ తెలుసు. అమ్మ ఎప్పుడూ ఆ మాట ఎత్తేది కాదు, ఆ రోజూ ఎత్తలేదు. లేచి, పిట్టగోడ మీది గిన్నెను దింపి, వేడినీళ్లతో కడిగి లోపలికి తీసుకుపోయింది. నాకు దుఃఖం ఆగలేదు, తువ్వాలు చేతిలో ఉండబట్టి పరువు దక్కింది.

ఇంతా చేస్తే మహారాణి ఆ గిన్నె పాలను కూడా అమ్మ చీర మీదికి ఉమ్మేసింది. మర్నాడూ అంతే. శనివారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ గడప మీద పాపను ఒళ్లో పెట్టుకుని బతిమాలుతోంది. నాకు నీళ్లు పోసే డ్యూటీ అక్కకు పడింది. లోకం మీదున్న కోపమంతా చెంబులోకి ఎత్తి నా వీపున కుమ్మరించింది. చలికాలం, తొట్టిలో నిలవున్న నీళ్లు. నేను కోడిపెట్టలా అరుస్తూ ఎగిరాను. పాప పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగి నోరింకా తెరిచి ఉండగానే, దూడలకు మందు పట్టి పట్టి అలవాటైన అమ్మ చెయ్యి గిన్నెను వంచింది. గుటక. పాప పెదాలు చప్పరించి, తర్వాతేమిటన్నట్టు నావైపే చూసింది.

"ఇంకో చెంబు పొయ్యి బిడ్డా" అంది అమ్మ.

పోసింది. ఎగిరాను. మళ్లీ గుటక.

"నీళ్లు సల్లగున్నయక్కా."

"సల్లగుంటెనే ఎగురుతవ్" అంది అక్క, ఏడుస్తూ, నవ్వుతూ. గిన్నె ఖాళీ అయ్యేదాకా నా స్నానం సాగింది. ఆదివారం వేడినీళ్లతో ప్రయత్నించాం, పాప నవ్వలేదు. పొడిగా ఎగిరి చూశాను, జాలిగా చూసింది.

సోమవారం నేను సెలవు పెట్టాను. అక్క ఆటో ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. సాయంత్రం సందు మొదట్లోనే ఆటో దిగి పరుగున వచ్చింది. వాకిట్లో చెంబుతో నా నెత్తిన నేనే నీళ్లు పోసుకుంటున్నాను.

"తాగిందారా?"

"నన్ను చూస్తే తెలుస్తలేదా అక్కా?" అన్నాను, పళ్లు టకటకలాడుతుంటే.

వారంలో పాపకు గిన్నె అలవాటైంది, నాకు జలుబు. అక్క కోర్టు నౌకరీలోనే ఉండిపోయింది, చివరికి పెద్ద ఆఫీసరమ్మగా రిటైరై బయటికొచ్చింది. మహారాణి ఇప్పుడు ఈ కథ చెబితే నమ్మదు, "సాక్ష్యమేది మామా?" అంటుంది. కోర్టు ఉద్యోగి కూతురు కదా. సాక్ష్యం నిజంగానే లేదు. గిన్నెలు దొరుకుతాయి, ఎముకలు దొరుకుతాయి, పాల మరకలు కూడా దొరుకుతాయట. ఆ వేల ఏళ్ల కిందటి పాపను నవ్వించడానికి కూడా ఎవడో ఒక మేనమామ ఎగిరే ఉంటాడు. వాడు ఏ తవ్వకంలోనూ దొరకడు. ఇప్పుడు గీజర్ వేడెక్కందే స్నానాల గది వైపు చూడని నేను, బస్తీ నవ్వుతున్నా వాకిట్లో వణుకుతూ నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటాను. అంతకంటే గొప్ప పని ఆ తర్వాత నేనేమీ చేయలేదు.