రెండు వైపులా నేనే మాట్లాడిన సభ

ఒక ప్రభుత్వ విభాగానికి అధికారిగా ఉంటూ, ఆ విభాగం చేయవలసిన పనిని ఒక్క మధ్యాహ్నంలో, ఎవరి సాయమూ లేకుండా, సంపూర్ణంగా ఓడించిన మనిషిని మీరు చూసి ఉండకపోవచ్చు. ఈ కింద ఉన్నది ఆయన వాంగ్మూలం.

అరవయ్యో దశకం తొలి సంవత్సరాల్లో, కల్వకుర్తి వైపు ఒక పంచాయతీ సమితిలో, నేల-నీటి సంరక్షణ విభాగానికి నన్ను అధిపతిని చేశారు. అధిపతి అన్నంత మాత్రాన బెదిరిపోకండి. నా కింద ఒక ఓవర్సీరు, ఇద్దరు మేస్త్రీలు, మూడు కాళ్ల మీద నిలబడి నేల వాలు కొలిచే ఒక యంత్రం ఉండేవి. నన్ను కూడా కలుపుకొని చూస్తే, మాలో తొణక్కుండా నిలబడగలిగింది ఆ యంత్రమే.

వాన నీరు ఎర్ర చెలకల, అంటే మెట్ట చేల, మన్నును వెంటబెట్టుకొని పారిపోకుండా వాలుకు అడ్డంగా మట్టికట్టలు వేయించడం మా పని. ఒక్కో కట్ట పదిమంది చేలలోంచి సాగుతుంది కనుక, ఆ వాలు మీది రైతులందరూ ఒప్పుకొని కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టిన తరువాతే గడ్డపార నేలను తాకాలని నిబంధన.

ఒకనాడు కురుమ బాలయ్య అనే రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కొన్ని గొర్రెలు, వాలుకు అట్టడుగున కొద్దిపాటి చేను, అందులో ఒక బావి ఆయన ఆస్తి. పై చేల నీరు కోసిన ఒర్రె ఏటా ఆ బావి వైపు జరుగుతోంది. ఆ వేసవికి రెంటికీ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత జాగా మిగిలింది.

"ఇంకో వానకాలం గిట్లనే పోతే నా బాయి ఒర్రెల కలుస్తది సారు. నువ్వొచ్చి నా చేను మీది చెలకలోళ్లకు జర నచ్చజెప్పు" అన్నాడు.

నచ్చజెప్పడం! కళాశాల చర్చావేదికల మీద నాలుగేళ్లపాటు నేను చేసిన వ్యవసాయం అదొక్కటే. పైగా నాకొక సిద్ధాంతం ఉండేది. ఎదుటివాడి వాదాన్ని అతనికన్నా బాగా చెప్పగలిగినవాడికే దాన్ని ఖండించే అర్హత ఉంటుందని నా నమ్మకం. నీతిగా చూస్తే అందులో నాకు ఇప్పటికీ దోషం కనబడదు. అయితే ఆ నీతిని పాటించడానికి శ్రోతలు రెండో భాగం దాకా తీర్పు ఆపుకోవాలి.

బడి వరండాలో సభ జరిగింది. పై చెలకల్లో సగం నర్సిరెడ్డిగారివి. ఆయన చేతులు కట్టుకొని ముందు వరుసలో కూర్చున్నారు. ఆయన సంతకం పెడితే మిగతావాళ్లు పెడతారు. నేను లేచి, కట్టలు ఎందుకు వద్దో ముందుగా నేనే విన్నవిస్తానన్నాను.

విన్నవించాను. కట్ట కింద సాగునేల పోతుందన్నాను. నాగలి తిరగదన్నాను. నీరు నిలిచి ఆముదం వేరు కుళ్లవచ్చునన్నాను. కట్టల్లో ఎలుకలు కాపురం పెడతాయనీ, వాటిని వెతుక్కుంటూ పాములు వస్తాయనీ చెప్పాను. రేపు ఎవరైనా ఈ కట్టనే తన చేను హద్దు గెట్టు అని వాదిస్తే కాదనేదెవరని నిలదీశాను. వాళ్ల దగ్గర మూడు అభ్యంతరాలుంటే, ఇవీ ఇలాంటివీ కలిపి నేను తొమ్మిది సరఫరా చేశాను.

నర్సిరెడ్డిగారి చేతులు విడివడ్డాయి. పాముల సంగతి సరిగా వినబడలేదని వెనకనుంచి ఎవరో అడిగితే, మరింత స్పష్టంగా చెప్పాను. ఓవర్సీరు నా చొక్కా అంచు లాగుతుంటే అది అభినందన అనుకున్నాను. బాలయ్య మాత్రం, వైద్యుడు రోగిని వదిలి రోగానికి మందు పోస్తుంటే చూస్తున్న మనిషిలా నన్ను చూస్తూ ఉండిపోయాడు.

ఖండనకు ముందు వక్త ఒక క్షణం ఆగి మంచినీళ్లు తాగడం మా చర్చావేదికల మర్యాద. నేను గ్లాసు ఎత్తాను. ప్రసంగం అయిపోయిందనుకొని సర్పంచి లేచి, సర్కారు మనిషై ఉండి ఇంత సాఫుగా చెప్పినవాణ్ని తానింతవరకు చూడలేదన్నాడు. సభ చప్పట్లు కొట్టింది.

ఇంతవరకు చెప్పింది నా అభిప్రాయం కాదని మొత్తుకొని, ఖండన మొదలుపెట్టాను. కోర్టులో ప్రమాణం చదివేవాణ్ని విన్నట్టు, దయగా విన్నారు. ఆ మధ్యలో నర్సిరెడ్డిగారు పక్కవాడికి వివరించడం నా చెవిన పడింది.

"మొదాలు చెప్పింది మనసుల మాట. గిప్పుడు చెప్పేది కొలువు మాట. పాపం, ఆయనకు గూడ పెండ్లాం పిల్లలుంటరు గద."

నాకప్పటికి పెళ్లి కాలేదు. దాన్ని ఖండించే వ్యవధి కూడా దొరకలేదు.

కట్టలు వద్దని ఆ సాయంత్రమే తీర్మానం రాశారు. కారణాలు తొమ్మిది. వరుస నాది, మాటలు నావి. అది మహబూబ్‌నగర్ చేరిన వారంలోనే పై అధికారి నన్ను పిలిపించారు.

"ఈ ఊళ్లో ఎవరో గట్టివాడున్నాడయ్యా. ఇంత పకడ్బందీ వాదన నేను చూడలేదు. ఎవరో కనుక్కొని, వీలైతే మన శాఖలోకి తీసుకోండి" అన్నారు.

"ఇదివరకే తీసుకున్నారండి" అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, వానలు పడేలోగా ఆ సంతకాలు తేకపోతే నేను వేరే ఉద్యోగం చూసుకోవచ్చునని శాంతంగా సెలవిచ్చారు.

బాలయ్య దగ్గరికి వెళ్లాను. బావిలో పడిన మన్ను తోడి గంపలకెత్తుతున్నాడు. మరో సభ పెడదామన్నాను.

"ఇంకో మీటింగు పెడితే నేను ఊరే ఇడిసిపోవాలె సారు. నా ఎంబడి రా. ఒక్కటే షరతు, నోరు తెరువొద్దు."

గంపలు బండికెత్తి, నర్సిరెడ్డిగారి వాకిట్లో తీసుకెళ్లి కుమ్మరించాడు. ఆయన బయటికొచ్చి, ఇదేందన్నారు.

"నీ మన్నే పటేలా. మొన్నటి గాలివానకు నా బాయిల పడ్డది. పరాయి సొమ్ము నాకెందుకని తెచ్చిన."

"నా చెలకదే అని ఎట్ల చెప్తవు?"

"పెంటికలు చూడు. ఈ ఎండకాలం నీ చెలకల మంద పెట్టింది నేనే గద. నా గొర్ల పెంటికలు నేను గుర్తుపట్టనా?"

ఎరువు కోసం జొన్నలిచ్చి మరీ చేనులో గొర్రెల మందను పడుకోబెట్టించుకోవడం ఆ ప్రాంతపు ఆనవాయితీ. నర్సిరెడ్డిగారు కూలబడి, ఒక పెడ్డ తీసి చేత్తో చిదిమారు. లోపల కనబడింది ఆయన జొన్నలిచ్చి కొన్న ఎరువే. ఆలోగా నా గొంతులోకి మూడు అద్భుతమైన వాక్యాలు వచ్చాయి. బాలయ్య నా వైపు చూశాడు. మింగేశాను.

"కాగితం తే" అన్నారు నర్సిరెడ్డిగారు. సంతకం పెట్టి, కాగితాన్ని నాకివ్వకుండా బాలయ్య చేతికిచ్చారు.

"అందరితోని నేను పెట్టిస్త. గని బాలయ్యా, కట్టలు పడేదాక ఆ సారును మా వాడకట్టుకు రానియ్యకు. ఆయన మల్ల మాట్లాడితే నా మనసు మారుతది."

తొలకరికి ముందే కట్టలు పడ్డాయి. బావి నిలిచింది. పని జరిగినన్నాళ్లు నేను యంత్రం వెనక నిలబడి చేతిసైగలతోనే శాఖను నడిపాను. అంత సమర్థంగా అది అంతకుముందెన్నడూ నడవలేదు.

కాబట్టి నేల, నీరు సాక్షిగా, పూర్తి స్పృహతో ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎదుటివారి వాదాన్ని ఎదుటివారికే వదిలేస్తాను. ఈ ప్రతిజ్ఞ మీద అభ్యంతరాలున్నవారు స్వయంగా చెప్పుకోవాలి. వారి తరఫున నేను ఒక్కటి కూడా చెప్పను.