వాల్వు వేడెక్కేదాకా

మైకు ముందు నిలబడాల్సి వచ్చినప్పుడల్లా ఆ ముసలాయనే గుర్తొస్తాడు. ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. కాళ్ల మధ్య బరువైన ఇనుప పెట్టె, ఒడిలో తువ్వాల మూట. బస్సు కుదిపినప్పుడల్లా మూటను గుండెకు హత్తుకుంటున్నాడు.

"ఏమున్నది బాపు అండ్ల?" అన్నాను.

విప్పి చూపించాడు. సన్నటి బల్బుల్లాంటి గాజు వాల్వులు. పెట్టె పాతకాలం యాంప్లిఫయరట. ఒకప్పుడు పెళ్లిళ్లకు మైక్‌సెట్ పెట్టేవాడట.

"ఇప్పుడు దీన్ని ఎవరడుగుతున్నరు?"

"ఎవ్వరడగరు. ఒక్కని కోసం బతికిస్తున్న."

మూట మళ్లీ కడుతూ తనే చెప్పాడు.

"పటేలింట్ల పెండ్లిల పాట ఆగిపోయింది. వాల్వు మార్చిన. మైకు చేతిల పట్టుకొని, వేడెక్కేదాక జర ఆగు పటేలా అని చెప్పిన. ఆగలే. చెంప మీద కొట్టిండు. సరిగ్గ గప్పుడే వాల్వు వేడెక్కి మైకు అందుకున్నది. ఆ దెబ్బ ఊరంత ఇన్నది."

అతని చెయ్యి చెంప మీదికి వెళ్లి ఆగిపోయింది.

"గప్పటి సంది ఏది పోతే అది మార్చుకుంట వస్తున్న. మాఫీ గూడ దీంట్లనే అడగాలె వాడు."

"ఇప్పుడు ఆ పటేల్ దగ్గరికేనా?"

"అవ్. మంచంల పడ్డడు. మాఫీ అడుగుతనని కబురు పంపిండు."

"పాపం, గొంతు లేస్తదా బాపు?"

మన్నెగూడలో దిగడానికి లేచాడు. పెట్టె పట్టబోతే నా చెయ్యి తోసేశాడు.

"గుసగుసలాడినా చాలు. ఊరంత ఇనిపిచ్చే పని దీనిది."