మునిరత్నం సారు చేతి పట్టీలు

మా చిన్నప్పుడు తమిళ సీమలోని ధర్మపురి మైదానంలో స్కూళ్ళ కుస్తీ పోటీలంటే అన్నిటికంటే ముందు వినిపించేది మునిరత్నం సారు విజిల్...

తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. ఎడమ మణికట్టుకు ఎర్ర పట్టీ, కుడి మణికట్టుకు నీలం పట్టీ. ఎర్ర బనీను పిల్లాడికి పాయింటు వస్తే ఎడమ చెయ్యి, నీలం బనీను వాడికి వస్తే కుడి చెయ్యి లేచేది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఆ పట్టీ రంగు చూసి బోర్డు మీద అంకెలు వేసేవారు.

సారు కంబైనల్లూరు వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఇంట్లో మాలాగే తెలుగు, గడప దాటితే తమిళం. ఆయన రెఫరీగా ఉన్నన్నాళ్ళూ తీర్పు మీద ఒక్కరూ నోరెత్తలేదు. తన స్కూలు పిల్లలు బరిలోకి వస్తే విజిల్ ఇంకొకరి చేతికిచ్చి, గోడ వైపు తిరిగి కూర్చునేవారు... మొహం చూస్తే ఎవరి పక్షమో తెలిసిపోతుందని!

నేను ఆ దగ్గర్లోని ఇండూరు నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి లావుపాటి పిల్లాణ్ణి. నాకు కుస్తీ వచ్చని కాదు, ఆ బరువులో మా స్కూల్లో ఇంకెవరూ లేరని పంపారు. మొదట తలపడాల్సినవాడికి జ్వరం, రెండోవాడు రానే లేదు... అలా ఫైనల్‌కి చేరిపోయాను! నాది నీలం బనీను. ఎదురుగా ఎర్ర బనీనులో కడత్తూరు నుంచి వచ్చిన వేలు అనే పిల్లాడు.

భోజనాలయ్యాక మొదటి ఆట మాదే. వేలు నన్ను నాలుగుసార్లు ఎత్తి పడేశాడు. తీరా బోర్డు చూస్తే పాయింట్లన్నీ నావే! సారు పాయింట్లు ఇవ్వడమే గానీ లెక్కపెట్టేవారు కాదు, అది బల్ల దగ్గరివాళ్ళ పని. వాళ్ళు 'నీలం' అనగానే సారు ఒక్క క్షణం తటపటాయించి నా చెయ్యి పైకెత్తారు.

ఎవరికీ అనుమానం రాలేదు. ఏడుస్తున్న వేలునే వాళ్ళ మాస్టారు తిట్టాడు, సారు అలా ఇచ్చారంటే నువ్వే ఏదో తప్పు పట్టు పట్టుంటావని. నాకు మాత్రం తెలుసు... తెలిసీ నోరు మెదపలేదు. జీవితంలో మొదటి బంగారు పతకం మరి!

అప్పుడు లేచింది మా అవ్వ. మనవడి కుస్తీ చూద్దామని మురుకుల సంచితో సహా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"సారూ, మా పిల్లోడు నాలుగు తూర్లు కింద పడినాడు గదా! మీ ఆటలో పడినోనికే పతకం ఇస్తారా?"

జనమంతా గొల్లుమన్నారు. సారు నవ్వలేదు. తన చేతులు చూసుకున్నారు. అన్నం తినేటప్పుడు తీసిన పట్టీలు తిరిగి తొడుక్కోవడంలో తారుమారయ్యాయి... ఎర్రది కుడికి, నీలంది ఎడమకి! వేలుకని ఆయన అలవాటుగా ఎడమ చెయ్యి ఎత్తినప్పుడల్లా పాయింటు నాకు పడిందన్నమాట.

సారు మైకు తీసుకుని, తప్పు తనదేనని అందరికీ తమిళంలో చెప్పి, వేలు చెయ్యి ఎత్తారు. ఒకటే చప్పట్లు. తర్వాత కళ్ళు తుడుచుకుంటున్న నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

"నీకు ముందే తెలుసు గదరా?"

"తెలుసు సార్..."

"సరే. నా తప్పు మైకులో చెప్పేసినాను. నీది ఎవురికీ చెప్పను, పో."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ఆటకు ముందూ రెండు చేతులూ ఎత్తి జనానికి చూపించేవారు. మా అవ్వ వచ్చిందంటే పనిగట్టుకుని ఆమె ముందుకు వెళ్ళి, "చూసి చెప్పమ్మా, సరిగ్గా ఉండాయా?" అనేవారు. అవ్వ ఎంత మురిసిపోయేదో!

మొన్న మా అమ్మాయి కుస్తీ పోటీకి వెళ్ళాను. ఇప్పుడు అనుమానం వస్తే వీడియో వేసి చూస్తున్నారు. మంచిదే... కానీ తప్పు నాదని ఒక మనిషి మైకు అందుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది.

సారు ఇచ్చిన మాట తప్పలేదు. నా సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, చివరికి మా అవ్వకి కూడా. అందుకే ఇవాళ నేనే చెప్పేస్తున్నాను... తెలిసీ నోరు మెదపని రోజు మీకూ ఒకటి ఉంటే, రండి, నా పక్కన నిలబడి చెప్పేయండి.