మనం మోయాల్సిన ఇంజను

మా ఆయన రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇంజను ఎంత బరువుంటే పట్టాలని అంత గట్టిగా పట్టుకుంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని వెంటబెట్టుకునే మోటారు రంపం కొనడానికి బయల్దేరారు. నమ్మకం తోడుంటే చాలదని నేనూ వెళ్ళాను.

మాకు రంపమెందుకంటారా? ఆ వేసవిలో తెల్లవారుజామున లేచిన గాలివానకి మా సందు మొగలో గుల్‌మొహర్ చెట్టు అడ్డంగా పడింది. సందుకి వేరే దారి లేదు. ఆ సాయంత్రమే ఎదురింటి అమ్మాయి పెళ్ళి. తిల్దా నుంచి మగపెళ్ళివారు బ్యాండుతో, పెళ్ళికొడుకుని గుర్రమెక్కించుకుని రావాలి. రాయ్‌పూర్‌లో చాలాచోట్ల చెట్లు కూలడంతో కొట్టేవాళ్ళెవరూ దొరకలేదు. ఎదురింటావిడ నా చేతులు పట్టుకుని, "దీదీ, అబ్ కా హోహీ?" అని ఒకటే ఏడుపు.

"ఏటవుతాది! పెళ్ళవుతాది" అన్నాను. నాకు ధైర్యమంతా నోట్లోనే ఉంటుంది.

దుకాణంలో మా ఆయన చూపు తిన్నగా అన్నిటికన్నా పెద్దదాని మీదికి పోయింది. డెబ్భై సీసీ ఇంజను, రెండడుగుల బారు. బారంటే కోసే గొలుసు దేని చుట్టూ తిరుగుతుందో ఆ పొడుగాటి పట్టీ. దుకాణం అతను చెట్టు ఎంత లావని అడిగాడు. నేను కొలుచుకునే వచ్చాను, జానెడు మీద బెత్తెడు.

"అయితే పదహారంగుళాల బారు చాలు భాభీజీ. దానికి నలభై అయిదు సీసీ సరిపోతుంది. బారు పొడుగైతే ఇంజను పెద్దదవ్వాలి, ఇంజను పెద్దదైతే బరువు పెరుగుతుంది" అన్నాడు హిందీలో.

మా ఆయనకి నచ్చలేదు. "కొనేదేదో పెద్దదే కొందావే. పెద్దింజనుకి లోడు తెలీదు."

"అయితే పట్టుకోండి. పొట్టకి ఆనించి కాదు, ముందుకి చాపి" అన్నాను.

పట్టుకున్నారు. కాసేపటికి చేతులు వణికాయి, ఆ తర్వాత మీసం వణికింది. అయినా దించరే! మొండిఘటం.

"రైలింజను మిమ్మల్ని మోసింది. దీన్ని మీరు మొయ్యాల. ఆమాత్రం తేడా తెలట్లేదేటి?" అని గయ్యిమన్నాను.

దుకాణం అతను నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మా ఆయన పెద్దదాన్ని దించి, చిన్నదాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పారు. "ఇదీ బాగానే ఉందిలే" అన్నారు, నాకేసి చూడకుండా. అతను వాడకమంతా చూపించాడు. వేలాడే బట్టలతో పట్టుకోవద్దని, కళ్ళకి అద్దాలు పెట్టుకోమని మరీమరీ చెప్పాడు.

పొద్దువాలేసరికి మా ఆయన కొమ్మలన్నీ కోసేశారు. జనం దూరంగా నిలబడి ఒక్కో కొమ్మ పడినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత వెలుగు చూడటం నాకదే మొదలు. కానీ మొద్దు దగ్గరికొచ్చేసరికి ఆయన భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. అప్పుడే రోడ్డు మీంచి బ్యాండు వినపడింది. ఎదురింటావిడ మొహం పాలిపోయింది.

ఆయన మిషను ఆపి నన్ను పిలిచారు. "ఏమే, వాడకం నువ్వూ చూశావుగా, నా ప్యాంటు, బూట్లు వేసుకుని రా."

ఓరి నాయనో! పెళ్ళి చీర కట్టుకోవాల్సిన రోజున ఖాకీ ప్యాంటూ, కళ్ళకి అద్దాలూ! సందంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వి మిషను స్టార్టు చేశాను. అది నా చేతుల్లో నిలిచింది. అంతకన్నా ఒక్క కిలో ఎక్కువున్నా నిలిచేది కాదు.

"నొక్కకు. దాని బరువుకి అదే దిగుతుంది" అని ఆయన నా చెవి దగ్గర అరిచారు.

దిగింది. మొద్దు రెండు ముక్కలై పడింది. మగాళ్ళు దాన్ని పక్కకి దొర్లించారు. పెళ్ళికొడుకు గుర్రం రంపపు పొట్టు తొక్కుకుంటూ సందులోకొచ్చింది. ఎదురింటావిడ ఆ ప్యాంటుతోనే నన్ను బ్యాండు ముందుకి లాగి ఆడించింది.

పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి ఇంజనెక్కించమని బతిమాలాను. రూల్సు ఒప్పుకోవన్నారు ఆయన. ఆ సాయంత్రం మగపెళ్ళివారి పెద్దాయన మా ఆయన భుజం తట్టి, చెట్టు మీరే కోశారటగా అన్నాడు. మా ఆయన తల అడ్డంగా ఊపి, సందంతా వినేలా నన్ను చూపించారు.

"డ్రైవరు తను. నేను అసిస్టెంటుని."