దాలమ్మ అడిగిన తోట

పోతురాజు పడవలకు రంగులు వేసేవాడు. సంతబొమ్మాళి వైపు మత్స్యకారుల వాడల్లో అతని చెయ్యి పడని పడవ తక్కువ. డబ్బాలో రంగును ఉన్నదున్నట్టు పూయడం అతనికి చేతకాదు. పొద్దు పొడవకముందే ఒడ్డున కూర్చుని, నీటి మీద ఆ రోజు ఏ నీలం తేలితే ఆ నీలమే కలిపేవాడు.

భార్య దాలమ్మది పూండి దగ్గరి ఊరు. తిత్లీ తుపానుకు ఆమె తండ్రి కొబ్బరి, పనస తోట మొత్తం నేలకూలింది. నాలుగేళ్ళకు ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. బస్సులో ఆమె తల పోతురాజు భుజం మీదే ఉండేది.

ఒకనాడు మంచంలోంచి అడిగింది. "మావా, ఊరందరి పడవలకీ రంగులేసినావు. ఈ గోడమీద మా అయ్య తోట గియ్యవా? సూసుకుంటాను."

అదే రోజు మొదలెట్టాడు. గోడమీద కొబ్బరిచెట్లు నిలబడ్డాయి గానీ దాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇది మా తోట పచ్చ కాదు. మాది నల్లగుండీది. మిట్టమద్దినం కూడా ఎండ కిందకి దిగీది కాదు."

ఆ నీడ కోసం పోతురాజు ఆమె ఊరు వెళ్ళాడు. తోట ఉన్నచోట మోళ్ళు, మోకాలెత్తు మొక్కలు. వాటి లేతపచ్చ అతనికి పనికిరాలేదు. చివరికి ఎవరిదో పెరట్లో, తుపానుకు కొమ్మలు విరిగి మళ్ళీ గుబురెక్కిన పనస కనిపించింది. దాని కింద సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఇంటికొచ్చి, ఆకుపచ్చ డబ్బా పక్కన పెట్టేసి, నలుపులో పసుపు కలిపాడు.

"ఇదే," అంది దాలమ్మ. చాన్నాళ్ళకు ఆమె మొహం విప్పారింది.

ఆ సంబరంలో అతను చెట్ల మధ్య నుయ్యి కూడా గీశాడు. లోపల తనకు తెలిసిన సముద్రపు నీలమంతా పోశాడు. మర్నాడు దాలమ్మ గోడవైపు తిరగలేదు.

"ఏటయ్యింది?"

"నూతిని సెరిపీ మావా. డాట్రు రోజుకి రెండు గ్లాసులే తాగమన్నాడు. దాన్ని సూత్తే నాలిక పిడసగట్టుకుపోతంది."

పోతురాజు కుంచెను నల్లపచ్చలో ముంచి ఆ నీలాన్ని కొంచెం కొంచెంగా కప్పేశాడు.

శ్రావణంలో దాలమ్మ పోయింది.

వానలు తగ్గాక, వాడలోని మత్స్యకారుడు బాబూరావు తన పడవకు రంగు వెయ్యమని వచ్చాడు. పోతురాజు కాదనలేదు. మూడు పొద్దులు ఒడ్డున కూర్చున్నాడు. నాలుగోనాడు కుంచెలు తెచ్చి బాబూరావు చేతిలో పెట్టాడు.

"ఇంకెవుల సేతైనా ఏయించుకో బావా. నాకు నీలం కనబడ్డం నేదు. ఒట్టి నీళ్ళే కనబడతన్నాయి."

బాబూరావు కుంచెలు అక్కడే ఇసుకలో పెట్టి, ఆ ఏడు రంగులేని పడవతోనే వేటకు వెళ్ళాడు.